నల్ల బురఖాను చూడని కెమెరా



మన ఇళ్లలో మిక్సీ ఆగిపోతే రిపేరుకు ఇస్తాం. ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే కండెన్సర్ మార్పిస్తాం. కుట్టుమిషన్ దారం తెంపుతుంటే సూది మార్చి చూస్తాం. ఒక్క పాత ఫిల్మ్ కెమెరా విషయంలోనే మనకు సబ్ర్ ఉండదు. ఫొటో మసకగా వచ్చిందా, "ఖరాబైపోయింది" అని ఒకే మాట. ఆ మాటతో అది బీరువా పైకి ఎక్కుతుంది. కొన్నేళ్లకు పాత సామాన్ల బండిలో ప్లాస్టిక్ లెక్కన పోతుంది.

నా రాయ్ వేరు. మనం ఖరాబైందన్న ఆటోఫోకస్ కెమెరాల్లో చాలావాటికి ఏ రోగమూ లేదు. దానికి ఏం కనపడుతుందో, ఏం కనపడదో మనకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ తెలియనితనానికి నష్టపోయింది కెమెరా కాదు, ఫొటోలో నిలబడ్డ మనిషి. ముఖ్యంగా మన ఆడవాళ్లు.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య తుమ్మలపల్లెలో ఒక ఇంట్లో ఆల్బమ్ చూశాను. కడప జిల్లా వేముల మండలంలోని ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ యురేనియం గుర్తొస్తుంది. 2007లో శంకుస్థాపన, 2012లో పని మొదలు. అప్పటి నుంచి మా జర్నలిస్టుల కెమెరాలన్నీ అక్కడికి గని కోసం, మిల్లు కోసం, వ్యర్థాలు నింపే చెరువు కోసమే వెళ్తున్నాయి. ఆ ఇంటి ఆల్బమ్‌లో ఉన్నది అంతకుముందు ఊరు. అరటి తోట, బోరు నీళ్ల కింద తడుస్తున్న పిల్లలు, మట్టిమిద్దె, ఈద్ రోజు కొత్త బట్టలు. అన్నీ 1990లలో, కువైట్ నుంచి వచ్చిన ఒక కాంపాక్ట్ కెమెరాతో తీసినవి. మన కడప, రాయచోటి వైపు గల్ఫ్‌కు వెళ్లొచ్చిన ఇళ్లలో దుప్పట్లు, అత్తరు సీసాలు, టేప్‌రికార్డర్‌తో పాటు ఇలాంటి కెమెరా ఒకటి ఉండేది కదా.

ఆ ఆల్బమ్‌లో ఇంటి పెద్దావిడది, మరహూమా నానీది, ఒకే ఒక్క ఫొటో ఉంది. గోడ ముందు నల్ల బురఖాలో, నఖాబ్ పైకెత్తుకుని నిలబడ్డారు. వెనక గోడ మీద క్యాలెండర్‌లో తారీఖులు కూడా చదవొచ్చు. నానీ ముఖం మాత్రం నీళ్లలో చూసినట్టు చెదిరిపోయింది. "నానీ కదిలిపోయుంటారు" అంటుంది కూతురు. "అప్పటికే కెమెరా ఖరాబైంది భాయ్" అంటాడు మనవడు. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. నానీ కదిలితే ఆమె అంచులు ఒక వైపుకు సాగేవి. కెమెరా ఖరాబైతే క్యాలెండర్ అంత సాఫ్‌గా వచ్చేది కాదు. ఫోకస్ పనిచేసింది. నానీ మీద పడాల్సింది గోడ మీద పడింది.

ఎందుకలా? కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

ముందు ఒక మాట. "కెమెరా అన్నది అరబీ ఖమరా నుంచి పుట్టింది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ సహీ కాదు. అది లాటిన్ మాట, గది అని అర్థం. పోర్చుగీసు వాళ్ల ద్వారా మన ఉర్దూలోకి వచ్చిన కమ్రా కూడా ఆ మాటే. ఫఖ్ర్ చేసుకోవాలంటే దానికి అసలైన కారణం ఉంది. 11వ శతాబ్దంలో ఇబ్న్ అల్-హైథమ్ తన కితాబ్ అల్-మనాజిర్‌లో, కన్ను కిరణాలు విసిరి వస్తువును పట్టుకోదు, వస్తువు నుంచి వచ్చే వెలుగే కంట్లోకి వస్తుందని దలీల్‌తో నిరూపించాడు. ఆటోఫోకస్ కెమెరాల్లో ఈ రెండు జాతులూ ఉన్నాయి. కొన్ని కిరణం విసిరి చూసేవి, కొన్ని వచ్చిన వెలుగును చదివేవి. ఏ జాతిదో తెలిస్తే దాని రోగం సగం తెలిసినట్టే.

1977లో జపాన్ కొనికా కంపెనీ సీ35 ఏఎఫ్ అనే కెమెరా తెచ్చింది. జనం చేతికి పెద్ద ఎత్తున అందిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. అది వచ్చిన వెలుగును చదివే జాతి. 1979లో కానన్ ఏఎఫ్35ఎం వచ్చింది. అది విసిరే జాతి. ముందున్న ఒక కిటికీ నుంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం వదులుతుంది. అది ఎదుటి మనిషికి తగిలి తిరిగొస్తే, వచ్చిన కోణాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. తర్వాత గల్ఫ్ నుంచి మన ఇళ్లకు చేరిన కాంపాక్ట్‌లలో ఈ రకానివి ఎన్నో.

ఇక్కడే నానీ సంగతి ఉంది. కొన్ని నల్ల గుడ్డలు ఆ కిరణాన్ని తాగేస్తాయి. అన్నీ కాదు, రంగును బట్టి, నేతను బట్టి. కిరణం తిరిగి రాకపోతే కెమెరా ఏమనుకుంటుంది? ఎదురుగా దగ్గర్లో ఎవరూ లేరనుకుంటుంది. ఫోకస్‌ను దూరానికి పంపేస్తుంది. లేదా నానీ ఫ్రేములో కొంచెం పక్కకు నిలబడి ఉంటే, మధ్యలో దొరికిన గోడకే కిరణం తగిలి వస్తుంది. రెండిట్లో ఏది జరిగినా ఫలితం ఒకటే. వెనకది సాఫ్, మనిషి మసక.

ఇంకో బాధ కూడా మీ ఆల్బమ్‌లో కనపడుతుంది. నికాహ్ తర్వాత దుల్హా దుల్హన్ పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరి మధ్య జానెడు సందు. కెమెరా చూసేది సరిగ్గా ఫ్రేము మధ్యలోని చిన్న చుక్కను. ఆ చుక్క సందులోంచి దూరి వెనకున్న పూల పరదాను పట్టుకుంటుంది. పూలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, కొత్త జంట మాత్రం పొగలో ఉన్నట్టు. దీనికి మందు చాలా సులువు. చుక్కను ఒకరి ముఖం మీద పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకోండి. అలా పట్టుకునే కెమెరాను మధ్యలోకి తిప్పి, మిగతా సగం నొక్కండి. సగం నొక్కడం అంటే "ఇక్కడ చూడు" అని కెమెరాకు మనం ఇచ్చే హుకుం. మన ఇళ్లలో ఎంతమందికి ఈ సగం నొక్కుడు తెలుసు? దుకాణంలో ఎవరూ చెప్పలేదు, కాగితం మీద ఉన్నది ఇంగ్లీషులోనో జపనీసులోనో. మన తప్పేమీ లేదు. ఇప్పుడు తెలుసుకుంటే చాలు.

మన ఆడవాళ్లకు ఆటోఫోకస్ ఎంత పెద్ద నేమత్‌గా వచ్చిందో కూడా చెప్పాలి. మా వైపు చాలా పెళ్లిళ్లలో జనానాలోకి ఫొటోగ్రాఫర్‌ను రానివ్వరు. అంతకుముందు కెమెరా అంటే దూరం, వెలుగు లెక్కలు తెలిసిన మగాడి పని. ఆటోఫోకస్ కాంపాక్ట్ వచ్చాక ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల కూడా లోపలికి వెళ్లి మెహందీ, హల్దీ, ఖాలాల నవ్వులు తీయగలిగింది. ఆ ఫొటోలు మరో చోట లేవు. తీసినవాళ్లూ మన పిల్లలే, దాచినవాళ్లూ మన అమ్మీలే. తస్వీర్ జాయజా కాదా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నాను. తీయనివాళ్లతో నాకు ఝగడా లేదు. నేను మాట్లాడుతున్నది తీసి, దాచుకుని, పోయినవాళ్లను అందులో వెతుక్కునే ఇళ్ల గురించి.

ఇక పెద్ద కెమెరాలు, లెన్స్ మార్చుకునేవి. 1985లో మినోల్టా 7000, 1986లో నికాన్ ఎఫ్-501, 1987లో కానన్ ఈఓఎస్ 650 వచ్చాయి. ఇవి వెలుగును చదివే జాతి. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగులో కొంత, అద్దం వెనకున్న చిన్న అద్దం మీద పడి కిందికి దిగుతుంది. అడుగున ఒక సెన్సర్ ఉంటుంది. అది లెన్స్ రెండు వైపుల నుంచి వచ్చిన రెండు బొమ్మలను పోల్చి, ఎంత తేడా ఉందో చూసి మోటారుకు చెబుతుంది. పోల్చాలంటే బొమ్మలో ఏదో ఒక గీత ఉండాలి. నలుపు తెలుపు కలిసే అంచు ఉండాలి. సున్నం కొట్టిన తెల్ల గోడ, ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా, నిండు నల్ల బురఖా, మధ్యాహ్నం మన రాయలసీమ ఖాళీ ఆకాశం, వీటిలో దానికి ఏమీ దొరకదు. లెన్స్ ముందుకూ వెనక్కూ గుర్రుమంటూ తిరిగి ఆగిపోతుంది. బటన్ నొక్కినా ఫొటో పడదు. ఫోకస్ కుదిరితే తప్ప షట్టర్ వదలని మోడ్‌లో ఉంటే అలాగే చేస్తుంది. జనం దాన్నే ఖరాబీ అంటారు.

ఆ తొలినాటి కెమెరాల్లో చాలావాటికి మధ్యలో ఒకే సెన్సర్, అదీ నిలువు గీతలను మాత్రమే చూసేది. నేను పిల్లలకు ఇలా చెబుతాను: అలిఫ్ కనపడితే పట్టుకుంటుంది, పడుకున్న బే కనపడితే తడబడుతుంది. అడ్డగీతలే ఉన్న చోట కెమెరాను కొంచెం వాలుగా పట్టుకుని సగం నొక్కి, మళ్లీ సరిగ్గా తిప్పుకోండి. బురఖాలో ఉన్నవాళ్లను తీసేటప్పుడు గుడ్డ మీద గురి పెట్టొద్దు. నఖాబ్ అంచు ముఖాన్ని తాకే చోట, కళ్లజోడు ఫ్రేము మీద, దుపట్టా జరీ మీద పెట్టండి. ఏదీ దొరక్కపోతే అంతే దూరంలో ఉన్న తలుపు చౌకట్టు మీద సగం నొక్కి తిరిగి రండి.

ఇప్పుడు అసలు పని. బీరువా మీది కెమెరా దించండి. వరుసగా చూసుకుంటూ పోతే పది నిమిషాల్లో రోగమేదో, వహమేదో తేలుతుంది.

మొదట పాత నెగటివ్‌లు వెలుగుకు పట్టి భూతద్దంతో చూడండి. ఫ్రేములో ఎక్కడో ఒక చోట సాఫ్‌గా ఉంటే లెన్స్ బాగుంది, గురి తప్పింది. మొత్తం ఒకే వైపుకు సాగినట్టుంటే చెయ్యి వణికింది. ఏ ఫ్రేములోనూ, ఏ మూలలోనూ ఏదీ సాఫ్‌గా లేకపోతే అప్పుడు లెన్స్ మీద అనుమానం పెట్టుకోండి. లోపల బూజు పట్టిందా, అద్దం జరిగిందా చూడాలి.

తర్వాత బ్యాటరీ. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. చిన్న తెర మీద అంకెలు కనపడుతున్నాయి కదా, బ్యాటరీ ఉందనుకుంటాం. అంకెలు చూపడానికి కావాల్సిన కరెంటు వేరు, మోటారు తిప్పడానికి కావాల్సింది వేరు. ఈఓఎస్ 650కి 2సీఆర్5 అనే 6 వోల్టుల బ్యాటరీ, మినోల్టా 7000కి నాలుగు సన్న ట్రిపుల్ ఏ సెల్లులు, కాంపాక్ట్‌లలో చాలావాటికి సీఆర్123ఏ. కొత్తవి, ఒకే కంపెనీవి వేయండి. మామూలు సెల్లులు కారి తెల్లగా, పచ్చగా పేరుకుంటే, దూది పుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి.

మూడోది స్విచ్. లెన్స్ పక్కన ఏఎఫ్, ఎంఎఫ్ అని ఉంటుంది. నికాన్‌లో బాడీ మీద ఎం అక్షరం దగ్గర ఉండొచ్చు. పిల్లల వేలు తగిలి ఎం దగ్గరికి పోయిన స్విచ్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన కెమెరాలు ఎన్నో. దీనికి కారీగర్ అక్కర్లేదు.

నాలుగోది శుభ్రం. కాంపాక్ట్ ముందు భాగంలో చిన్న కిటికీలు రెండు ఉంటాయి. వాటి మీద వేలిముద్రో, మన ఎర్రమట్టి దుమ్మో ఉంటే కొలత తప్పుతుంది. పట్టుకునేటప్పుడు వేలు వాటికి అడ్డం పడకుండా చూసుకోండి. పెద్ద కెమెరాలో లెన్స్ విప్పి, బాడీ మీదా లెన్స్ మీదా ఉన్న రాగి రంగు చుక్కలను పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. లోపలి అద్దాన్ని మాత్రం ముట్టుకోకండి, దాని పూత వేలు తగిలితేనే పోతుంది.

ఐదోది దూరం. కాంపాక్ట్‌లలో చాలావాటికి 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపల ఏదీ కుదరదు. చంటిపిల్ల ముఖం మీదకు వంగి తీసినవన్నీ మసకగా రావడానికి కారణం అదే. బస్సు కిటికీ అద్దం లోంచి తీసినా విసిరే జాతి మోసపోతుంది, కిరణం అద్దానికే తగిలి తిరిగొస్తుంది. కొన్నింటికి పర్వతం బొమ్మ ఉన్న బటన్ ఉంటుంది, దూరపు దృశ్యాలకు అది నొక్కాలి. పెద్ద కెమెరాకు పాత రకం పోలరైజర్ ఫిల్టర్ బిగించి ఉంటే తీసేయండి. లోపలి అద్దం సగం వెలుగును వదిలే రకం కాబట్టి ఆ ఫిల్టర్‌తో సెన్సర్ గందరగోళపడుతుంది. ఇలాంటి కెమెరాలకు సర్క్యులర్ రకం కావాలి.

ఆరోది అసలైన పరీక్ష. లెన్స్‌ను ఎం మీద పెట్టి చేత్తో తిప్పుతూ, కిటికీ ఊచలాంటి నిలువు గీతను చూడండి. బటన్ సగం నొక్కి పట్టుకుంటే, బొమ్మ సాఫ్ అయిన చోట వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వెలగాలి. వెలిగితే సెన్సర్ సలామత్, మోటారు దగ్గరే మర్జ్. వెలగకపోతే సెన్సరో, దాని ముందున్న దుమ్మో. మోటారైతే ఎక్కడ? పాత మినోల్టా, నికాన్‌లలో మోటారు బాడీలో ఉంటుంది, చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటిది లెన్స్‌ను తిప్పుతుంది. కానన్ ఈఓఎస్‌లో ప్రతి లెన్స్‌కూ సొంత మోటారు. కాబట్టి కానన్ అయితే బాడీని తిట్టే ముందు ఇంకో లెన్స్ అడిగి తెచ్చి పెట్టి చూడండి.

చివరిగా, రోలు ఖర్చు చేయకముందే కాంపాక్ట్‌ను కూడా పరీక్షించవచ్చు. ఫిల్మ్ లేకుండా దగ్గరి మనిషి మీద ఒకసారి, దూరపు మినార్ మీద ఒకసారి నొక్కి, లెన్స్ కదలికను పక్క నుంచి ఎవరినైనా చూడమనండి. రెండుసార్లూ వేరువేరుగా జరిగితే అది దూరం కొలుస్తోంది. తర్వాత రోలు వేసి, 36లో మూడు ఫ్రేములు పరీక్షకు ఇవ్వండి. మూడు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కొంచెం పక్కకు వేసి, మధ్య కుర్చీ మీద గురి పెట్టండి. ముందుదో వెనకదో సాఫ్‌గా వస్తే ఆ కెమెరాను కారీగర్ సరిచేయాలి.

అప్పుడు మాత్రమే కారీగర్ దగ్గరికి వెళ్లండి. "ఖరాబైంది" అని కాదు, "చుక్క వెలుగుతోంది, మోటారు తిరగట్లేదు" అని చెప్పండి. ఇంట్లో మీరే విప్పకండి. ఫ్లాష్ ఉన్న కెమెరాలో కెపాసిటర్ బ్యాటరీ తీసినా వందల వోల్టులు దాచుకుంటుంది. పిల్లలకు స్క్రూడ్రైవర్ ఇవ్వొద్దు. దాచేటప్పుడు బ్యాటరీ తీసేయండి. ట్రంకుపెట్టెలో చీరల మధ్య, కలరా ఉండల పక్కన పెట్టకండి, ఆ వాసన కెమెరాకు మంచిది కాదు.

ఇంత తంటాలెందుకు, ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. ఫోన్ ముఖాన్ని వెతికి పట్టుకుంటుంది, చాలా బాగా పట్టుకుంటుంది. నా దగ్గరా ఉంది. కానీ ఫోన్ పోతే దానితో పాటు అన్నీ పోయిన ఇళ్లు మీకూ తెలుసు. నెగటివ్ అన్నది చేతికి దొరికే వస్తువు. తుమ్మలపల్లెలో గనికి ముందున్న తోట ఎలా ఉండేదని ఇవాళ ఆ పిల్లలు అడిగితే చూపించడానికి ఉన్నది ఆ నెగటివ్‌లే. పత్రికల్లో మేము అచ్చువేసిన ఫొటోల్లో గని ఉంది. వాళ్ల ఇల్లు లేదు, వాళ్ల నానీ లేదు. ఊరి తారీఖ్ ఇంటివాళ్ల ఆల్బమ్‌లో ఉంటుందంటే నేను నమ్ముతాను.

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. యంత్రానికి ఇన్సాఫ్ తెలియదు. నిలువు గీత ఎక్కడుంటే అటు వెళ్తుంది, కిరణం ఎక్కడ తగిలితే అదే నిజమనుకుంటుంది. క్యాలెండర్‌కూ నానీకీ దానికి తేడా లేదు. ఆ తేడా తెలిసినవాడు బటన్ మీద వేలు పెట్టినవాడు. ఎవరి ముఖం సాఫ్‌గా రావాలో చెప్పే జిమ్మేదారీ "ఆటో" అన్న మాట మీద వదిలేయడం నాకు నచ్చదు. పెళ్లిళ్లకు వచ్చే మన ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లకూ ఇదే మాట. స్టేజీ మీది లైట్లు చక్కగా వస్తున్నాయి, వెనక వరుసలో నల్ల బురఖాలో నిలబడ్డ దాదీలు రావట్లేదు. ఒక్క క్షణం ఆగి వాళ్ల కళ్ల మీద ఫోకస్ పెట్టండి.

వచ్చే ఈద్‌కు ముందు ఇంట్లో కెమెరా దించి చూడండి. బ్యాటరీ, స్విచ్, కిటికీలు, పచ్చ చుక్క. నడిస్తే ఒక రోలు వేయండి. మొదటి ఫ్రేము అమ్మీకి. చౌకట్టు పక్కన వెలుగులో కూర్చోబెట్టి, నఖాబ్ అంచు మీద సగం నొక్కి, ఒక్క ఊపిరి ఆగి, మిగతా సగం నొక్కండి.